అత్త టికెట్టు రెండుసార్లు కీసర గుట్టెక్కింది

ఆ రోజుల్లో నేను ఎవరినీ నమ్మేవాణ్ణి కాదు. ఆ రోజులంటే మరీ తాతలనాటివి కావు, ఉప్పల్ మీదుగా మెట్రో తిరగడం మొదలైన తర్వాతి మాటే. కాకపోతే అప్పుడు నాకు నెత్తి మీద జుట్టుండేది, లోకమంతా నన్ను మోసం చేయడానికే పొద్దున లేస్తుందనే గట్టి నమ్మకముండేది. ఈ గుణం నాకు బయటెక్కడో అంటుకున్నది కాదు, మా నాయన వైపు నుంచి రక్తంలో వచ్చింది. మా ఇంట్లో పాలప్యాకెట్ తెస్తే తేదీ చూస్తారు, చూశాక ఆ తేదీని వేలితో రుద్ది కూడా చూస్తారు. ఈ వంశానికి మహారాణి మా మేనత్త. నాచారంలో ఒక బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ దగ్గర పనిచేసేది. బెల్టు మీద వచ్చే ప్యాకెట్లను ఒత్తి చూసి, గాలి పోతున్నవాటిని పక్కకు తీసేయడం ఆమె పని. పగలంతా ప్యాకెట్లను అనుమానించి, సాయంత్రం ఇంటికొచ్చి మనుషుల మీద పడేది. (మా మామ పెళ్లయిన కొత్తలోనే గాలి తీయించుకుని ఒక మూల కూర్చున్నాడని మా నాయన అనేవాడు, అత్తకు వినబడకుండా.)

అలాంటి నాకు నాచారంలోనే, ఒక మిఠాయి దుకాణం పైన, చిన్న ట్రావెల్స్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. యజమాని ఎప్పుడో గానీ వచ్చేవాడు కాదు. ఆఫీసును నడిపేదంతా టికెట్లు చేసే ఒక అక్క. ఆమెను అందరం టికెటక్క అనేవాళ్లం. నేను చేరిన కొత్తలో నా చేతి మీదుగా చేసిన మొదటి పెద్ద టికెట్టు మా అత్తదే. ఆమె ఒక్కగానొక్క కూతురు, నాకు వరసకు వదిన, గువాహటిలో ఉండేది. మొగుడు మిలిటరీ. తొలి కాన్పు. డాక్టరు చెప్పిన రోజు దగ్గర పడుతోంది, ఆయన్నేమో సరిహద్దుకు పంపించారు, సెలవు దొరకలేదు. ఆసుపత్రికి తీసుకుపోవడానికి కూడా ఇంట్లో మనిషి లేదు. రైల్లో పోతే దారిలోనే పుణ్యకాలం దాటిపోతుందని, విమానమెన్నడూ ఎక్కని అత్త విమానానికి ఒప్పుకుంది. మధ్యాహ్నం హైదరాబాదులో ఎక్కి, సాయంత్రం కలకత్తాలో దిగి, అక్కడ రెండో విమానం పట్టుకుని రాత్రికి గువాహటి చేరాలి. రెండింటికీ కలిపి ఒకటే టికెట్టు.

ఆ టికెట్టు కాగితం ఇంటికెళ్లి అత్త చేతిలో పెట్టాను. ఆమె అది పట్టుకుని నేరుగా ఉప్పల్ వెళ్లి, జిరాక్సు దుకాణంలో లామినేషన్ చేయించింది. (మా ఇళ్లలో కాగితం అసలుదా కాదా అన్నది దాని మీదున్న ప్లాస్టిక్కును బట్టి తేలుతుంది. పదో తరగతి మెమో, ఇంటి పట్టా, పెళ్లి ఫోటో, అన్నీ అందులోనే బతుకుతాయి.) తర్వాత నాలుగు మూలలా పసుపు పెట్టి, మామను వెంటబెట్టుకుని కీసర గుట్టెక్కి, రామలింగేశ్వరుడి ముందు పెట్టించి, కొబ్బరికాయ కొట్టి తెచ్చుకుంది. ఇక ఆ టికెట్టుకు తిరుగులేదు.

పదిహేను రోజులు తిరక్కుండానే తిరుగు వచ్చింది. విమానాల వేళలు మారినప్పుడల్లా మా ఆఫీసు కంప్యూటర్లో ఒక మూలన ఆ ప్రయాణికుల జాబితా ఎర్రగా కనబడేది. ఒకరోజు అందులో మా అత్త పేరుంది. నొక్కి చూస్తే రెండు విమానాలకూ ‘కన్ఫర్మ్’ అనే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. కానీ రక్తం ఊరుకోదు కదా, వేళలు మళ్లీ చదివాను. మొదటి విమానాన్ని వెనక్కి జరిపారు, రెండోదాన్ని ముందుకు జరిపారు. లెక్క ఎటు తిప్పినా మొదటిది కలకత్తాలో దిగేసరికి రెండోది గాల్లో ఉంటుంది. ఏదో కుట్ర జరుగుతోందని టికెటక్కను పిలిచాను.

“కుట్ర గాదు, ఏం గాదు,” అంది ఆమె, చాయ్ కప్పు పక్కన పెట్టి. “దేనికది కన్ఫర్మే. కంప్యూటర్‌కు విమానాలు కనబడ్తయ్ తమ్మీ, మనుషులు కనబడరు. నువ్వు సరే అని ఒప్పుకున్నవనుకో, మీ అత్త రాత్రంత కలకత్తాల కూసుంటది. ఒప్పుకోకు. వేరే విమానం అడుగు. టైం మార్చింది వాళ్లు గాబట్టి పైసలు తీస్కోరు. ఇంతకు మీ అత్త ఫోన్‌కు మెసేజ్ వోయే ఉంటది. దాంట్ల ఒప్పుకుంటున్నా అని గిట్ల నొక్కలే గద?”

వెంటనే అత్తకు ఫోన్ చేశాను. “అత్తా, విమానపోళ్ల నుంచి ఏమన్న మెసేజ్ వచ్చిందా? నొక్కినవా?”

అటువైపు అత్త గొంతు తగ్గించి అడిగింది. “నీకెట్ల తెలుసు మెసేజ్ వచ్చిందని?”

“చెప్పు అత్తా, నొక్కినవా లేదా?”

“నేనెందుకు నొక్కుత? టైం మారింది, ఈడ నొక్కు అని వచ్చింది. గసొంటివి నొక్కితేనే గద మా లైన్ల సూపర్‌వైజర్ పైసలన్ని పోయినయ్. మీ మామతోని ఆ నంబర్ బ్లాక్ చేయించిన. ఇప్పుడు నువ్వు ఫోన్ జేసి నొక్కమంటున్నవ్. నిజంగ మా అల్లుడివేనా నువ్వు? మీ నాయన్ను నేను చిన్నప్పుడు ఏమని పిలిచేదాన్ని, చెప్పు?”

చెప్పాను. (ఆ పేరు ఇక్కడ రాస్తే మా నాయన ఊరుకోడు.) అప్పుడు గానీ మాట సాగలేదు. ఆమె నొక్కకపోవడమే మంచిదైంది, అనుమానం మా వంశానికి మేలు చేసింది ఆ ఒక్కరోజే.

విమాన సంస్థ వాళ్లకు ఫోన్ చేసి, వాళ్ల పాటలన్నీ విని, ఎట్టకేలకు అదే రోజు పొద్దున బయలుదేరే విమానంలో సీటు ఇప్పించుకున్నాను. కలకత్తాలో తీరిగ్గా దిగి రెండోది ఎక్కవచ్చు. గొప్ప పని చేశానని సమోసా తినడానికి లేచాను. “టికెట్ చేసినవా?” అంది టికెటక్క. “మార్చిన గదక్కా,” అన్నాను. “మారింది సీటు. టికెట్ ఇంక పాత విమానాన్నే పట్టుకొని ఉన్నది. గట్లనే పంపిస్తే కౌంటర్ల సీటున్నది, టికెట్ లేదంటరు. కూసో.” అప్పుడు నేర్చుకున్నాను రీఇష్యూ అంటే ఏమిటో. పాత టికెట్టును లోపలికి తీసుకుని, దాని విలువను కొత్తదానికి ఎక్కించి, కొత్త నంబరుతో ఇంకో టికెట్టు పుట్టించాలి. పాతది ఆ క్షణం నుంచి ఉత్త కాగితం. చెప్పుకోవడానికి ఇంతే. మా అత్తకు చెప్పడం మాత్రం వేరే సంగతి.

ఆ సాయంత్రం అత్త రెండు టికెట్లనూ నేల మీద పక్కపక్కన పెట్టి, కళ్లజోడు ముక్కు మీదికి దించి, ఒక్కో అంకె మీద వేలు పెట్టుకుంటూ పోయింది. “పేరు గదే. ఊరు గదే. నంబర్ ఎందుకు మారింది?”

“పాతది చచ్చిపోయింది అత్తా, ఇది...”

“థూ! నోరు మంచిగ వెట్టు. కాన్పుకు పోతున్న నేను.” తర్వాత నా మొహంలోకి చూసి, “దీనికెంత అడిగిన్రు?” అంది.

“ఏమడగలే. ఊకెనే ఇచ్చిన్రు.”

ఆ మాటతో అంతా చెడింది. “ఊకెనేనా? మా కంపెనీల విరిగిన బిస్కెట్లు గూడ ఊకెనే ఇయ్యరు. విమానం టికెట్ ఊకెనే ఎట్లిస్తరు? గా పొద్దుగాల విమానంల ఏదో కత ఉన్నది, ఎవ్వలు ఎక్కుతలేరు, మనల ఎక్కిస్తున్నరు. నిజం జెప్పు అల్లుడా, నా అసలు టికెట్ ఎవలికన్న అమ్మినవా?”

“వాడెందుకు అమ్ముతడే?” అన్నాడు మామ మూలనుంచి.

“నువ్వుండు!” అంది అత్త. మామ ఉన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడు మా నాయనకు ఫోన్ చేసి, మీ చెల్లె నన్ను దొంగను చేస్తోందని మొరపెట్టుకున్నాను. ఆయన అంతా ఓపిగ్గా విని, “అమ్మలేదు గదరా నువ్వు?” అన్నాడు. ఇక ఎవరితో చెప్పుకోను?

కలకత్తాలో విమానం దొరకకపోతే ఏమవుతుందో ఎన్ని రకాలుగా చెప్పినా అత్త ఒకటే అడిగేది. “జర ఆగదా రెండోది? ఉప్పల్ల మనిషి ఉరికొస్తుంటే బస్సోడు గూడ ఆపుతడు.” చివరికి ఒక షరతు మీద కొత్త టికెట్టు తీసుకుంది. దానికీ పాతదానికి జరిగిన మర్యాదలన్నీ జరగాలి. లామినేషన్ నా చేతే చేయించింది, పసుపు తను పెట్టింది, ఆదివారం నా బండి మీద వెనక కూర్చుని మళ్లీ కీసర. గుట్ట మీద పంతులు గుర్తుపట్టాడు. “మొన్ననే వెట్టినం గదమ్మా దేవుని ముంగట?”

“గది పాతదైందంట పంతులూ,” అంది అత్త, ఓరగా నన్ను చూపిస్తూ. “వీడు జెప్తుండు.”

ప్రయాణం రోజు పొద్దున్నే ఉప్పల్లో విమానాశ్రయం బస్సెక్కాం. అత్త ఒళ్లో బాలింతకు పెట్టే కాయం పొడి డబ్బా, చేతిసంచిలో టికెట్టు. గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడ్డ జవానుకు ఆమె టికెట్టు తీసిచ్చింది. ఆయన ప్లాస్టిక్కు మీది మెరుపు తప్పించడానికి అటూ ఇటూ తిప్పి చూసి, మీ విమానం మధ్యాహ్నం కదా, ఇప్పుడే లోపలికి పంపను, తర్వాత రమ్మని హిందీలో చెప్పాడు. నేను ముందుకు వంగాను. చూస్తే ఆమె ఇచ్చింది పాత టికెట్టు! రెండూ తెచ్చుకుంది. నేను చెప్పింది నిజమో కాదో తుపాకీ ఉన్న మనిషి దగ్గర తేల్చుకుందామని ముందు పాతది చూపించింది.

“సూసినవా?” అంది, గెలిచిన మొహంతో. “సర్కార్ మనిషే మధ్యాహ్నం రమ్మంటుండు. నువ్వేమో చచ్చిపోయిందంటివి.”

“ఆయన కాగితం మీదున్నది చదివిండు అత్తా! కాగితం లోపల సంగతి ఆయనకెట్ల తెలుస్తది?” లోపల అత్త విమానానికి సామాన్లు తీసుకోవడం మొదలై ఉంటుంది. నేను దాదాపు ఏడుస్తూ ఆమెను బయటే ఉన్న విమాన సంస్థ కిటికీ దగ్గరికి లాక్కెళ్లాను. అక్కడి అమ్మాయి పాత నంబరు కొట్టి చూసి, “ఇది ఇప్పుడు నడవదు అమ్మా, దీని బదులు కొత్తది ఇచ్చిన్రు. మీ సీటు పొద్దుగాల దాంట్లనే ఉన్నది, జల్ది పోండి,” అంది. అత్త ఆ పిల్లనూ నన్నూ మార్చి మార్చి చూసింది. “మీరిద్దరు ముందుగాల్నే మాట్లాడుకున్నరా?”

అప్పుడే వదిన నుంచి ఫోన్. నాకు ఇటువైపు మాటలే వినబడ్డాయి. “ఆ బిడ్డా... ఎప్పటిసంది?... నడుములనా?... పక్కింటామెను పిలువు. నేను వస్తున్న. ఈ రాత్రికి నీ దగ్గర ఉంట.” ఫోన్ పెట్టేసి, పాత టికెట్టు నా చేతిలో పెట్టింది. “ఇది జాగ్రత్తగ వెట్టుకో. నన్నెక్కడన్న ఆపితే, నువ్వు జేసిందానికి సాక్ష్యం గావాలె.” కొత్తది పట్టుకుని గేటు వైపు నడిచింది. జవాను ఈసారి చూసి పంపించాడు. ఆమె వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఆ రాత్రికి అత్త గువాహటి చేరింది. తెల్లారాక వదినను ఆసుపత్రిలో చేర్చింది, ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. నర్సు పిల్లను చేతికిస్తే అత్త ముందు మొహం చూడలేదట. పిల్ల చేతికి కట్టిన పట్టీ మీది పేరూ, తల్లి చేతి పట్టీ మీది పేరూ సరిచూసి, అప్పుడు ముద్దు పెట్టుకుందట. మేమంతా పడీ పడీ నవ్వాం. నేను మాత్రం కొంచెం బిగువుగానే నవ్వాను. ఇంత చేస్తే ఒక్క మంచిమాట అనలేదని, సొంత మేనత్త నన్ను నమ్మలేదని, చాలా రోజులు అలిగి తిరిగాను.

ఇప్పుడు సొంతంగా ట్రావెల్స్ నడుపుతున్నాను. నా టికెట్లను రెండుసార్లు రుద్ది చూసే అత్తలు రోజుకొకరు వస్తారు, నాకు కోపం రాదు. కానీ ఆ రోజు జరిగిన చిన్న సంగతి ఒకటి అప్పుడు నా బుర్రకెక్కలేదు. అత్త లోపలికి వెళ్లాక కూడా నేను కదల్లేదు, గేటు ఎదురుగానే నిలబడ్డాను. విమానంలో కూర్చున్నాక ఫోన్ చేసింది. “ఎక్కడున్నవ్?” “బయట్నే ఉన్న అత్తా, గేటు కాడ్నే.” ఎవరైనా ఫోన్లో ఇక్కడున్నామంటే, అయితే ఎదురుగ ఏమున్నదో చెప్పమనడం మా అత్తకు అలవాటు. మా మామ అలా ఎన్నిసార్లు దొరికిపోయాడో. అందుకని నేను ముందే సిద్ధంగా ఉన్నాను. ఎదురుగా ఉన్న కాఫీ దుకాణం బోర్డు, దాని కింద నిలబడ్డ ఎర్రచొక్కా మనిషి, పక్కన ట్రాలీల వరస, అన్నీ నాలుక చివర పెట్టుకున్నాను. ఆమె ఏమీ అడగలేదు. “సరే, లేచేదాక ఆడ్నే ఉండు. నాకు జర భయమైతుంది,” అని ఫోన్ పెట్టేసింది. అడగలేదేమిటా అని అనుమానమొచ్చి, మళ్లీ చేస్తుందేమోనని, విమానం ఎగిరిపోయాక కూడా నాలోని ఆ వెర్రిబాగులవాడు ఆ బోర్డు వైపే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.