కుడివైపు మైకు

ఆ కాలేజీలో ఆయన్ని అందరూ సౌండాయన అనేవారు. అసలు పేరుతో జీతాలిచ్చే ఆఫీసుకి తప్ప ఎవరికీ పని పడలేదు. పేరులో ఉన్న సౌండు మనిషిలో లేదు. పొద్దున్నే వచ్చి రికార్డింగు గది తాళం తీసేవాడు, గోడలకి అతికించిన స్పాంజి పలకల దుమ్ము దులిపేవాడు, మైకుల వైర్లు చుట్టలు చుట్టి కొక్కేలకి తగిలించేవాడు. వైరు చుట్టడంలో మాత్రం మహా పట్టింపు. మోచేతికి చుడితే లోపలి తీగ మెలిపడుతుందనీ, అరచేతిలో వదులుగా చుట్టాలనీ వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. వాళ్ళు బుద్ధిగా తలూపి, ఆయన అటు తిరగ్గానే మోచేతికే చుట్టేవాళ్ళు.

కుర్రతనంలో సభలకి మైకులు అద్దెకిచ్చే దుకాణంలో చేరాడు. స్టేజి మీద ఉపన్యాసకుడు ఊగిపోతుంటే ఈయన లౌడుస్పీకరు పక్కన స్టూలేసుకుని కూర్చునేవాడు. ఆ స్పీకరు ఎప్పుడూ ఆయనకి కుడిపక్కనే ఉండేది. ఎంతమంది నాయకులు ఎన్ని వాగ్దానాలు ఆ చెవిలో కుమ్మరించారో లెక్కలేదు. వాళ్ళు మర్చిపోయినా చెవి మర్చిపోలేదు. తర్వాత కొన్నాళ్ళు రేడియోలో చేసి, చివరికి ఈ కాలేజీలో కుదురుకున్నాడు.

చెవి సంగతి ఫోను వల్ల బయటపడింది. ఓరోజు ఫోను కుడిచెవికి పెట్టుకుని, అవతల ఎవరూ పలకడంలేదని విసుక్కుని పెట్టేశాడు. మళ్ళీ మోగితే ఈసారి ఎడమచెవికి పెట్టుకున్నాడు. బావమరిది స్పష్టంగా తిడుతున్నాడు. అప్పటిదాకా కుడివైపు లోకం కాస్త మర్యాదగా, నెమ్మదిగా తయారైందనుకున్నాడు తప్ప, చెవే పోయిందనుకోలేదు.

ఎవరికీ చెప్పలేదు. కళ్ళు కనపడని డ్రైవరు బండి ఎవరెక్కుతారు? పనికొచ్చినన్నాళ్ళు పనిచేద్దామనుకున్నాడు. హెడ్‌ఫోనులో ఎడమ మైకు ఎడమచెవికీ, కుడి మైకు కుడిచెవికీ వినపడుతుంది. దాన్ని రెండు చెవులకీ పెట్టుకునేవాడు గానీ, కుడివైపు సంగతి కళ్ళతో చూసుకునేవాడు. ఆయన ముందున్న మిషను మీద రెండు పచ్చదీపాలుండేవి. ఎడమ మైకులో మాట్లాడితే ఎడమది, కుడి మైకులో మాట్లాడితే కుడిది మినుకు మినుకుమనేది. నాలుగేళ్ళు అలా నెట్టుకొచ్చాడు.

ఇంట్లో అయితే వినపడని ప్రతి మాటకీ 'ఊఁ' అనడం అలవాటు చేసుకున్నాడు. ఆ 'ఊఁ' పుణ్యమా అని ఓసారి పిల్లిని పెంచుకోవడానికి ఒప్పుకున్నాడు. పిల్లి వచ్చి ఒళ్ళో కూర్చున్నాక గానీ తను దేనికి ఒప్పుకున్నాడో ఆయనకి తెలియలేదు. భార్య ఏమీ అనలేదు. కానీ బజారుకి వెళ్ళినా, బస్సులో కూర్చున్నా ఆవిడ ఎప్పటినుంచో ఎడమపక్కకి మారిపోయింది. ఆవిడకి తెలుసని ఆయనకి తెలుసు. ఆ ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

ఇలా ఉండగా కాలేజీకి కొత్తగా ఫిలాసఫీ మేడం వచ్చింది. పరీక్ష పేపర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటున్నాయని ఆవిడకి ఒళ్ళుమండి ఓ పద్ధతి పెట్టింది. ఇద్దరిద్దరు విద్యార్థులు గదిలో కూర్చుని ఒక పెద్ద ప్రశ్న పట్టుకుని అరగంట మాట్లాడుకోవాలి. ఒకళ్ళు అడగాలి, ఒకళ్ళు చెప్పాలి. ముందుగా రాసుకోకూడదు, మధ్యలో ఆపకూడదు, ఒక్క ముక్క కత్తిరించకూడదు, రెండోసారి తీయకూడదు. మార్కులు ఆ రికార్డింగుకే. దాన్ని కాలేజీ మొత్తానికీ వినిపిస్తారు కూడా.

అడిగేవాళ్ళు ఎడమ కుర్చీలో, చెప్పేవాళ్ళు కుడి కుర్చీలో కూర్చునేవారు. ఎదురుగా ఉన్న నోరు తప్ప మరేదీ పట్టించుకోని మైకులవి. నిద్రలో ఉన్నప్పుడు 'నేను' అనేవాడు ఎక్కడికి పోతాడు, చిన్నప్పటి నేనూ ఇప్పటి నేనూ ఒకళ్ళమేనా, ఎవరూ చూడని మంచిపని మంచిపనేనా అంటూ పిల్లలు జుట్టు పీక్కునేవారు. తిన్నదరక్క అడిగే ప్రశ్నలని సౌండాయన లోపల నవ్వుకునేవాడు. ఆయన దృష్టంతా పచ్చదీపాల మీదే.

ఓ సాయంత్రం కళ్ళజోడు కుర్రాడూ, గడియారమూ వచ్చారు. గడియారం అంటే ఓ అమ్మాయి. కూర్చుంటే కాలో చెయ్యో ఊపకుండా ఉండలేదని స్నేహితులు పెట్టిన పేరది. వాళ్ళకి వచ్చిన ప్రశ్న: తెలిసి చెప్పకపోవడం అబద్ధమా, కాదా?

ప్రశ్న వినగానే సౌండాయన చెయ్యి ఆగింది. ఎప్పుడూ లేనిది, ఎడమచెవి మీది హెడ్‌ఫోను కప్పు పక్కకి జరిపి నేరుగా వినడం మొదలుపెట్టాడు. గడియారం తన అమ్మమ్మ సంగతి చెబుతోంది. అమ్మమ్మ ఇక బతకదని డాక్టరు తనకి చెప్పాడట. ఇంటికొచ్చాక అమ్మమ్మ "డాక్టరు ఏమన్నాడే?" అని అడిగిందట. అప్పుడు తను అమ్మమ్మకి జడ వేస్తోంది. ఏమీ అనకుండా వేస్తూనే ఉందట. అమ్మమ్మ కూడా మళ్ళీ అడగలేదట. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి కాలు ఊపలేదు. సౌండాయన దీపాల వంక చూడలేదు.

వాళ్ళు వెళ్ళాక వైర్లు తీయబోతే తెలిసింది. కుడి మైకు వైరు మిషనులోకి సగమే దిగి ఉంది. రికార్డింగు స్పీకరులో వేసి విన్నాడు. కుర్రాడి ప్రశ్నలు గంటకొట్టినట్టున్నాయి. సమాధానాల చోట పక్కింట్లో ఎవరో గొణుగుతున్నట్టుంది, అంతే. చెవి ఉన్నవాడెవడైనా మొదటి నిమిషంలోనే పట్టుకోవలసిన తప్పు. వైరు పూర్తిగా నొక్కి, మళ్ళీ తీసి, చుట్ట చుట్టి కొక్కేనికి తగిలించి ఇంటికి వెళ్ళిపోయాడు. భార్య ఎడమపక్కన కూర్చుని అన్నం ఎందుకు కెలుకుతున్నారని అడిగితే, వినపడి కూడా 'ఊఁ' అన్నాడు.

మర్నాడు క్లాసందర్నీ రికార్డింగు గదిలో కూర్చోబెట్టి, అది విని మేడం ముఖం చిట్లించింది. ఆ మైకులకి ఒంటి మీదే స్విచ్చుంటుంది. గడియారం చేతులు ఊరుకోవని క్లాసంతా ఎరుగుదురు. ఇంకేం, నేరం ఖాయమైపోయింది.

"నా చెయ్యే తగిలుంటుంది మేడం," అంది గడియారం కూడా. తనకి గుర్తులేని తప్పుని తనే ఒప్పేసుకుంది.

"రెండోసారి తీసేది లేదని ముందే చెప్పాను. నీకొకదానికి మారిస్తే అందరికీ మార్చాలి," అంది మేడం.

కళ్ళజోడు కుర్రాడికి జాలేసింది. తెలివి కూడా ఉంది.

"ఇలాగే వినిపిద్దాం మేడం. ఉత్త ప్రశ్నలు, మధ్యలో ఖాళీ. వినేవాళ్ళే జవాబు వెతుక్కుంటారు. అసలు ఫిలాసఫీ అంటే అదే కదా."

మేడం కళ్ళు మెరిశాయి. అలా అయితే గడియారానికి సగం మార్కులైనా వేయొచ్చంది. అందరికీ ప్రాణం కుదుటపడింది. మూల నిలబడి వైరు చుడుతున్న సౌండాయనకి మరీను. వైరు ఊడిన దానికి ఇంత వేదాంతం తగిలించి, ఆయన్ని ఒడ్డున పడేశారు. నోరు మూసుకుంటే చాలు. ఇంకో రెండేళ్ళలో రిటైరైపోతాడు.

"మరి నేను చెప్పిందంతా ఎక్కడికి పోయింది?" అంది గడియారం, ఎవర్నీ అడగనట్టు. "ఇంట్లో కూడా చెప్పలేదు నేనది."

సౌండాయన వైరు చుట్టడం ఆపాడు. సిగ్గేసింది. నాలుగేళ్ళలో వెయ్యని సిగ్గు అప్పుడు వేసింది.

"స్విచ్చు కాదు మేడం," అన్నాడు. "వైరు సరిగ్గా దిగలేదు. నిన్నే చూశాను. ఆ అమ్మాయి చెయ్యి దేనికీ తగల్లేదు."

"మీరు హెడ్‌ఫోను పెట్టుకునే ఉన్నారుగా?"

"పెట్టుకున్నానండి. నాకు కుడిచెవి వినపడదు. నాలుగేళ్ళయింది."

క్లాసులో ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఓదార్చనూలేదు. విషయం ఆఫీసుకి వెళ్ళింది. ఆఫీసు ఆయన్ని చెవి డాక్టరు దగ్గరికి పంపింది. వచ్చే టర్ము నుంచి సామాన్ల గదికి మారుస్తున్నట్టు చెప్పారు. అక్కడ కుర్చీలు, బల్లలు ఉంటాయి. అవేవీ మాట్లాడవు.

మేడం తన నియమం తనే సడలించి గడియారానికి ఇంకో అవకాశమిచ్చింది. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు.

"చెప్పేశాను మేడం. మళ్ళీ చెబితే అప్పజెప్పినట్టుంటుంది. ఈసారి నేను అడుగుతాను. ప్రశ్న మాత్రం అదే."

"ఎవర్ని అడుగుతావు?"

గడియారం సౌండాయన వంక చూసింది.

ఆయన వద్దన్నాడు, నాకేం తెలుసన్నాడు, నోట్లోంచి నాలుగు మాటలు వరసగా రావన్నాడు. అయినా ఆ పిల్లకి తను బాకీ ఉన్నట్టనిపించి, చివరికి కుడి కుర్చీలో కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆ కుర్చీని తుడవడమే గానీ కూర్చోవడం అదే మొదలు. మిషను దగ్గర కళ్ళజోడు కుర్రాడు కూర్చుని, రెండు చెవులూ రిక్కించాడు. అయిపోయాక ఉన్నదున్నట్టు ఆయన ఫోనులో వేసి ఇచ్చాడు. రెండు మైకులనీ ఒకటిగా కలపాలని ఆ కుర్రాడికి తెలియదు. చెప్పాలని ఈయనకీ తోచలేదు.

"ఏంటది?" అంది భార్య, ఇంట్లో.

"కాలేజీలో మాట్లాడించారు."

"మిమ్మల్నా?"

ఆవిడ ఎడమపక్కన కూర్చుని, చెవిలో పెట్టుకునే తీగలు రెండూ అందుకుంది. ఒకటి ఆయన ఎడమచెవికి ఇచ్చి, రెండోది తను పెట్టుకుంది. పిల్లి వచ్చి మధ్యలో పడుకుంది.

ఆయన చెవిలో గడియారం గొంతు గణగణలాడింది. ఒక ప్రశ్న, ఆ తర్వాత గొణుగుడు. మళ్ళీ ప్రశ్న, మళ్ళీ గొణుగుడు. అప్పుడు గ్రహించాడు. తన మాటలన్నీ రెండో తీగలో, ఆవిడ చెవిలో పడుతున్నాయి. ఆపుదామని చెయ్యెత్తాడు. ఆవిడ ఆ చేతిని పట్టుకుంది.

"మీ ఆవిడకి తెలుసా అండీ?" అని ఆయన చెవిలో అడిగింది గడియారం.

గొణుగుడు మొదలైంది. ఏమన్నాడో ఆయనకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. 'తెలుసమ్మా. నాలుగేళ్ళుగా నా ఎడమపక్కనే నడుస్తోంది. అడిగితే నేను ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక నేను పనిలోకి పోలేనని అడగలేదు. నేను చెప్పకపోవడం అబద్ధమే. తను అడగకపోవడం మాత్రం అబద్ధం కాదు. దాన్నేమంటారో మీ మేడంనే అడగాలి.'

గొణుగుడు ఆగింది. భార్య చెవిలో తీగ తీసేసి కొంగుతో ముఖం తుడుచుకుంది. లేచి, ఎన్నడూ లేనిది, వచ్చి ఆయన కుడిపక్కన కూర్చుంది. పెదవులు కదిలాయి. ఆయనకి అలవాటుగా 'ఊఁ' నోటిదాకా వచ్చింది.

"వినపడలేదు," అన్నాడు. ఆవిడతో ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఆవిడ లేచి మళ్ళీ ఎడమపక్కకి వచ్చింది.

"ఇంకోసారి పెట్టండి అన్నాను," అంది.