ఎనభై చూపించే మీటరు

నా చిన్నప్పుడు, బరంపురం దగ్గర సముద్రపు ఒడ్డునున్న మా ఆర్యపల్లిలో మోటారుసైకిలు తోలే ఆడమనిషి ఒక్కతే ఉండేది. ఆవిడ మా మేనత్త. నేను చెప్పే కబుర్లని సగం చేసుకుని వినాలని మా ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. ఈ ఒక్క ముక్క మాత్రం నిండుగా నమ్మొచ్చు.

ఆ బండి మా మావయ్యది. నల్లగా, ఎద్దంత బరువుండేది. ఆయన సూరత్ మగ్గాల మీద పనికి వెళ్తూ దాన్ని పెరట్లో కొబ్బరాకుల కింద పెట్టి వెళ్ళాడు. వెళ్ళే ముందు తడి ఇసక మీద అత్తకి తోలడం నేర్పాడు, అదొక్కటే ఆయన చేసిన మంచిపని అని తాతయ్య అనేవాడు. ఇంజను బాగానే ఉండేది. ఒక్క తన్ను తంతే సముద్రంలో చేపలు ఒడ్డుకి ఎగిరేవి. కానీ ముందు భాగాన్ని మావయ్య ఉండగానే ఉప్పుగాలి తినేసింది. హెడ్‌లైటు అద్దం పగిలి, గిన్నె తుప్పు పట్టి, అందులో మా కోడి గుడ్లు పెట్టేది. స్పీడు మీటరు ముల్లు ఊడి, అద్దం కింద చచ్చిన చీమలా అటూ ఇటూ దొర్లేది.

అత్త చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని తొలి బస్సులో బరంపురం వెళ్ళి అమ్ముకొచ్చేది. ఆ ఏడు కొత్త కండక్టరు వచ్చి, నీచు వాసనంటూ బుట్టని ఎక్కనివ్వడం మానేశాడు. లారీవాళ్ళని బతిమాలుకుని చేరేసరికి పొద్దెక్కిపోయేది, వాడుక ఇళ్ళవాళ్ళు వేరేవాళ్ళ దగ్గర కొనేసుకునేవారు. బుట్ట సగం నిండుగానే తిరిగొచ్చేది. ఇక బండి మీదే వెళ్తానంది అత్త. అయితే తెల్లారకముందే బయల్దేరాలి, ఆ చీకట్లో లైటు కావాలి.

మా తాతయ్యకి భయం. కూతురి మొండితనం తెలిసినవాడు కాబట్టి, వాదించడం దండగని బండి కొనడానికి ఛత్రపురం నుంచి ఒక బేరగాణ్ణి ఆదివారం సాయంత్రం రమ్మని చెప్పేశాడు.

"గుడ్డి బండి మీద నిన్ను సీకట్లోకి పంపనే. అమ్మేద్దాం," అన్నాడు.

"ఆదివారం దాకా ఆగు అయ్యా. లైటు ఎలిగితే బండి నాది. ఎలగకపోతే నేనే తోసుకెల్లి ఆడికి అప్పజెప్తాను."

"దీన్ని బాగుసెయ్యడం నీ మొగుడికే సేతకాలేదు, నీకేటి సేతనవుద్ది?"

"ఆయనకి సేతకాలేదు కాబట్టే మిగిలింది మరి!"

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బరంపురం వెళ్ళింది. బళ్ళు బాగుచేసే షెడ్డులో మెకానిక్కు మా బండి సంగతంతా విని "హెబొ నాహి మౌసీ" అని తల అడ్డంగా ఊపాడు, ఒడియాలో అవ్వదు పిన్నీ అని. ఇంత పాత బండికి సామాన్లు రావట. అత్త సరేనంది, కానీ కదల్లేదు. అక్కడ ఇంకో బండికి లైటు బిగిస్తుంటే ఏ తీగ ఎక్కడికి పోతోందో కొంగు బిగించి నిలబడి చూసింది. ఆయన విసుక్కున్నా చూసింది, టీ తాగడానికి వెళ్ళొచ్చినా అక్కడే ఉంది. తర్వాత పాత ఇనుము కొట్టుకెళ్ళి, చచ్చిన బళ్ళ గుట్టలోంచి ఒక హెడ్‌లైటు, ఒక స్పీడు మీటరు, కరెంటు వస్తోందో లేదో చూపించే చిన్న మీటరు ఏరుకుంది. కొట్టువాడికి చందువ చేపలిచ్చి వాటిని బుట్టలో వేసుకొచ్చింది.

అసలు పని అప్పుడు మొదలైంది. తీగలన్నీ ఉప్పు పట్టి ఒకే బూడిద రంగుకి వచ్చేశాయి, ఏది ఎర్రదో ఏది పచ్చదో తెలియదు. మావాళ్ళు వలలో చిరిగిన ముక్క కోసేటప్పుడు, ఏ కన్ను ఏ కంటితో కలవాలో తెలియడానికి రెండు అంచులకీ ఒకేలాంటి గుర్తు ముడులు వేస్తారు. అత్త తీగలకీ అదే పెట్టింది. పాడైన ముక్క కోసే చోటికి ఇటొకటి అటొకటి వల దారం, ఒక్కో తీగకి ఒక్కో రకం ముడి. ఆవిడ చెయ్యి లైటు గిన్నెలో పట్టదు కాబట్టి లోపలి ముడులన్నీ నావే. ఒకసారి తొందరపడి ముడి వెయ్యకుండానే కత్తెర పెట్టబోతే నా చెయ్యి పట్టుకుంది.

"తెంపే ముందు ముడెయ్యే పిల్లా. తెగిపోయాక అన్నీ ఒక్కలాగే కనబడతాయి."

తెచ్చిన లైటు గిన్నెలో వదులుగా ఉంటే సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి బిగించాం. మీటర్లు రెండూ కూర్చున్నాయి. శనివారం సాయంత్రం బండి స్టార్టు చేస్తే లైటు వెలిగింది! మళ్ళీ ఉప్పుగాలి తినకుండా ఉండాలని, పడవలకి పూసే సొరచేప నూనె తెచ్చి తీగలన్నిటికీ పట్టించింది అత్త. పడవ చెక్కని ఏళ్ళ తరబడి కాసే నూనె, తీగని కాయదా అని ఆవిడ ధీమా.

పడవలు నీళ్ళలో ఉంటాయి, బండి పెరట్లో ఉంటుంది. ఆ తేడా మాకు తట్టలేదు.

ఆదివారం పొద్దున్న లేచేసరికి బండి మీద పిల్లులు. ఊళ్ళో పిల్లులన్నీ ఉన్నాయి. గోపాలపూర్ పిల్లులు కూడా బస్సెక్కి వచ్చాయని చెబుతుంటాను. బుట్టనే ఎక్కనివ్వని కండక్టరు పిల్లుల్ని ఎలా ఎక్కనిచ్చాడని మా పిల్లలు అడుగుతారు, దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. లైటుకీ బండి నడుముకీ మధ్యనున్న తీగల్ని పీచుపీచుగా కొరికేశాయి. నేను ఏడ్చేశాను. అత్త బండి ముందు చతికిలబడి లైటు ఊడదీసింది.

"ముడులున్నాయేటే?"

చెయ్యి పెట్టి తడిమాను. గిన్నె లోపలివి ఉన్నాయి. అటువైపు ట్యాంకు కిందివీ ఉన్నాయి. పోయింది మధ్యలోదే.

అత్త సరాసరి ఇంట్లోకెళ్ళి, పెరటి దీపానికి లాగిన కరెంటు తీగని మీట ఆపి కోసుకొచ్చింది. "ఇయ్యాల మన పెరడు సీకటయినా పర్లేదు," అంది. నేను ముడి చెప్పేదాన్ని, ఆవిడ దాని జత వెతికి మధ్యలో కొత్త తీగ కలిపేది. నూనె జిడ్డు కుంకుడు రసంతో కడిగి, ఈసారి పైన వేపనూనె రాసింది. ఒక పిల్లి వచ్చి వాసన చూసి, మమ్మల్ని తిట్టుకుంటున్నట్టు మొహం పెట్టి వెళ్ళిపోయింది.

పొద్దుగూకే వేళకి బేరగాడు వచ్చాడు. తాతయ్య బోర్లించిన పడవ మీద కూర్చున్నాడు. అత్త బండిని ఒక్క తన్ను తన్నింది. లైటు భగ్గుమని వెలిగి సరుగుడు చెట్ల కొసల మీద పడింది.

"అలాగే ఉంచు, సముద్రం మీంచి బాగా కనబడద్ది," అన్నాడు తాతయ్య. జీవితమంతా పడవల కోసం దీపాన్ని ఎత్తున కట్టినవాడు.

"ఇది మనం కనబడ్డానికి కాదయ్యా, మనకి దారి కనబడ్డానికి," అని అత్త లైటుని అరచేత్తో కిందికి నొక్కింది. వెలుగు చెట్లు దిగి, చేపలెండే పందిరి మీదుగా వచ్చి, బాట మీద పరుచుకుంది.

బేరగాడికి బండి వదులుకోవడం ఇష్టం లేదు. తోలి చూస్తానని ఊరి చివరిదాకా వెళ్ళొచ్చి, గెలిచినవాడిలా దిగాడు. "ఇది బాగైనట్టేటి? మేకతో సమానంగా పోతంటే ముల్లు ఎనభై సూపుతోంది. దొంగ మీటరు!"

మీటరు వేరే బండిది, చక్రంతో దాని లెక్క కలవలేదు. తాతయ్య మొహం మారింది. నేను అత్త కొంగు పట్టుకున్నాను.

అత్త తడుముకోలేదు. "మీటరు గొప్పలు సెప్పుకుంటే సెప్పుకోనీ, నేను సగం సేసుకుని సూసుకుంటాను. లైటు సంగతి సెప్పు. గుంటని గుంటలాగ, రాయిని రాయిలాగ సూపిందా, లేదా?"

అతను తాతయ్య వైపు చూశాడు, అబద్ధమాడలేకపోయాడు. "సూపింది," అన్నాడు.

తాతయ్య లేచాడు. ఆ వెలుగులోనే బాట వెంట నడిచాడు. గుంట దగ్గర ఆగి కాలితో లోతు చూశాడు, రాయిని తన్ని చూశాడు. తిరిగొచ్చి బేరగాడి భుజం మీద చెయ్యి వేసి, నీకు శ్రమైంది బాబూ, భోంచేసి వెళ్ళమన్నాడు. ఆ తర్వాత అత్తని అడిగాడు: "రేపు ఏ యేళకి ఎల్తావు? బుట్ట నేను కడతాను."

ఆ బండి మీద అత్త ఎన్నేళ్ళు బరంపురం వెళ్ళిందో! వాడుక ఇళ్ళన్నీ తిరిగి కలిశాయి. మీటరు మాత్రం మార్చలేదు. వెనక కూర్చుని ఆ ముల్లు వంక చూస్తూ, ఎనభై మీద పోతున్నామని ఊరంతా చెప్పుకున్న పిల్లని నేనే. నాకు కథలు చెప్పే రోగం అక్కడే అంటుకుందేమో.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఏ బంధాన్నైనా, ఏ పనినైనా వదులుకోవాల్సి వస్తే, తెంపే ముందు మనసులో ఒక ముడి వేసుకుంటాను. ఇక కథలంటారా, కోడి గుడ్లూ, బస్సెక్కిన పిల్లులూ మీ ముందే ఉన్నాయి. నా ముల్లు ఎప్పుడూ ఎనభై మీదే ఉంటుంది, సగం మీరు చేసుకోండి. కానీ దారిలో గుంట ఉందని నేను చెబితే మాత్రం, కాలు చూసుకుని వెయ్యండి.