మడతల మేస్త్రీ డిశ్చార్జి అర్జీ

సైన్యంలో చేరినవాళ్లంతా తెల్లారి లేస్తే తుపాకీ పట్టుకుంటారని బయటివాళ్లు అనుకుంటారు. మన మేస్త్రీ తన పన్నెండేళ్ల కొలువులో తుపాకీ పట్టింది శిక్షణలో మాత్రమే. ఆ తర్వాత చేతికి తగిలిందంతా గుడ్డే. విమానంలోంచి దూకేవాళ్ల పారాచూట్లు మడతపెట్టడం అతని పని. అందుకని తోటివాళ్లు మడతల మేస్త్రీ అని పిలిచేవారు. పిలిచీ పిలిచీ, హాజరు పట్టీలో అసలు పేరు వినబడితే ఎవరా అని అతనే పక్కకి చూసే స్థితికి తెచ్చారు.

మడతల హాలు చాలా పొడుగు. ఆ చివర నిలబడ్డ మనిషి ఈ చివరికి వేలెడంత కనిపిస్తాడు. నున్నటి బల్లలు, ఎత్తయిన కిటికీలు, పని వేళ మాట్లాడకూడదన్న నియమం. తెల్లటి గుడ్డను బల్ల మీద పరిస్తే, దాని కింద చిక్కుకున్న గాలి మెల్లగా పొంగి, మెల్లగా అణిగేది. ఆ గాలిని అరచేతులతో బయటికి సాగనంపడంతో మడత మొదలయ్యేది. పొద్దుటి వెలుగులో అంత తెలుపు మధ్య నిలబడితే, కాళ్లు నేల మీద ఉన్నాయా మబ్బులో ఉన్నాయా అన్నది తెలిసేది కాదు. మేస్త్రీకి ఆ తెలియకపోవడమే ఇష్టం.

అయితే ఆ మబ్బుకి ఒక మెలిక ఉంది. మడిచినవాడు చీటీ మీద సంతకం పెట్టాలి. ఆఫీసరుకి బుద్ధి పుట్టినప్పుడు, ఏదీ నువ్వు మడిచినదాంతో నువ్వే దూకి చూపించు అనవచ్చు. మేస్త్రీ అలా నాలుగుసార్లు దూకాడు. దూకడమంటే అతనికి భయమే. మడత మీద మాత్రం ఏనాడూ అనుమానం రాలేదు.

ఇంటి దగ్గర అతనికి ఉన్నది ఒక్క అక్క. తల్లీతండ్రీ ఏడాది తేడాలో పోతే, పద్దెనిమిదేళ్ల ఆ పిల్ల ఏడేళ్ల తమ్ముణ్ణి కడుపులో పెట్టుకుని పెంచింది. చొక్కాలు కుట్టే దుకాణానికి ఇంట్లో కూర్చునే కాజాలు కుట్టి పంపేది. పెళ్లి మాటెత్తినవాళ్లతో వీణ్ణి ఒక దారికి చేరనివ్వండి అనేది. వాడు దారికి చేరేసరికి ఆ మాటెత్తేవాళ్లు మిగల్లేదు. దాని గురించి ఆమె బాధపడిందో లేదో ఎవరికీ తెలియదు. అడిగితే కసిరేది.

కిందటి సెలవులో అక్క చేతిలోని కాజా వంకరగా రావడం అతని కంటపడింది. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు అతన్ని బయటికి పిలిచి, నరం ఎండిపోతోందనీ, ఒక ఏడాది మసక మసకగా కనిపిస్తుందనీ, ఆ తర్వాత అదీ ఉండదనీ చెప్పాడు. అతని కొలువు ఇంకా మూడేళ్లుంది. ఆ మిగిలిన ఒక్క ఏడాదైనా ఇంట్లో ఉండాలి, అక్క తనను కళ్లారా చూసుకోవాలి, తర్వాత సంగతి తర్వాత. తిరుగు ప్రయాణమంతా రైలు కిటికీలోంచి అతనికి అదే కనిపించింది.

హాల్లో నిలబడ్డా మనసు నిలబడలేదు. తెల్లటి గుడ్డ పరిచేసరికి అందులో ఇంట్లోని రెండు గదులు తేలి వచ్చేవి. కిటికీ పక్కన పీట, ఒళ్లో చొక్కాల మూట, తల వంచుకుని అక్క. చేతులు వాటి మానాన అవి మడతలు పెట్టుకుపోయేవి. ఒక మధ్యాహ్నం చూసుకుంటే మూడు చీటీల మీద తన సంతకం ఉంది. వాటిని మడిచిన జ్ఞాపకం మాత్రం రవ్వంత కూడా లేదు.

తిన్నగా సార్జెంటు దగ్గరికి వెళ్లి, తన మూడూ విప్పించమని అడిగాడు. ఆ హాల్లో తన మడత తానే విప్పమనడం అంటే నలుగురిలో తలకొట్టేసినట్టే. విప్పి చూస్తే వంక పెట్టడానికి లేకుండా ఉన్నాయి. సార్జెంటుకి ముక్కు మీద కోపం, అయినా ఆ రోజు ఎందుకో మెత్తబడ్డాడు.

"మడతలు బాగానే ఉన్నాయి. నువ్వే బాగాలేవు. ఏమిటి సంగతి?"

మేస్త్రీ చెప్పుకున్నాడు. సాయంత్రానికి సార్జెంటే ఆఫీసు గుమాస్తాని పట్టుకుని, గడువుకి ముందే డిశ్చార్జి కోరే ఫారం తెచ్చిచ్చాడు. నాలుగు కాగితాలు, వాటికి జతగా డాక్టరు ఉత్తరం. ఒక ఆఫీసరు ఇంటికి వెళ్లి విచారిస్తాడనీ, ఆయన కాదని రాస్తే మళ్లీ ఆరు నెలల దాకా ఆ ఊసెత్తకూడదనీ గుమాస్తా చెవిన వేశాడు. ఇక్కడే మేస్త్రీ చేయకూడని పని చేశాడు. అక్కకి చెప్పలేదు. చెబితే ససేమిరా అంటుందని భయం.

అక్క కూడా ఒక సంగతి దాచింది. చూపు తగ్గుతోందని తెలిస్తే దుకాణంవాళ్లు పని మానిపిస్తారని ఆమె ఇంటిని మొత్తం కంఠతా పట్టేసింది. పొయ్యి నుంచి తలుపుకి ఏడడుగులు. కప్పులో టీ పోసేటప్పుడు అంచు లోపల వేలు. పక్కింటి పిన్నిగారు రోజూ పొద్దున్నే ఇరవై సూదుల్లో దారం ఎక్కించి సూదుల దిండుకి గుచ్చి వెళ్లేది.

విచారణకి సైన్యం ఆఫీసరు గుమ్మంలోకి వచ్చేసరికి, తమ్ముడి మీద ఏదో మచ్చ పడబోతోందనుకుంది అక్క. ఇక చూడాలి ఆవిడ హడావిడి. ఏడడుగులూ తడబడకుండా నడిచి టీ తెచ్చి ఇచ్చింది. కళ్లెలా ఉన్నాయమ్మా అంటే, నా కళ్లకేం, మీ కోటు గుండీ వదులుగా ఉంది, ఇటివ్వండి బిగిస్తాను అంది. కోటన్నాక ఒక్క గుండీ అయినా వదులుగా ఉండకపోదని ఆమె అనుభవం. కోటు ఒళ్లోకి రాగానే వేళ్లతో ఆ గుండీని పట్టేసి, దిండు మీది సూది తీసి చకచకా కుట్టేసింది. ఆఫీసరు సంబరపడి వెళ్లిపోయాడు.

"సోదరి ఆరోగ్యంగా ఉన్నారు. నా ఎదుటే నా కోటు గుండీ కుట్టారు. విడుదలకి కారణమేదీ కనబడలేదు." గుమాస్తా ఆ విచారణ కాగితం చదివి వినిపిస్తే మేస్త్రీకి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో అతనికే తెలియలేదు.

నాలుగు రోజుల సెలవు మీద ఇంటికెళ్లాడు. ఎందుకలా చేశావని అడిగాడు.

"నా మూలంగా నీ కొలువు పోయిందని అనిపించుకోమంటావా?"

"పోవాలనే కదక్కా నేను అడిగింది. ఇంకో ఏడాదే చూపుంటుందన్నాడు డాక్టరు."

ఆమె సూదుల దిండు ఒళ్లో పెట్టుకుని వేలితో తడుముతూ కూర్చుంది. తర్వాత, "నాకొక్క మాట చెప్పొచ్చు కదరా," అంది.

మర్నాడు ఆమె చొక్కాల మూట దుకాణానికి తిప్పి పంపేసింది. తనే వచ్చి పైఅధికారికి చెబుతానంది. రక్తసంబంధీకులు స్వయంగా వస్తే ఆరు నెలలు ఆగక్కర్లేదని సార్జెంటు ఎక్కడో వెతికి ఒక నియమం పట్టుకున్నాడు. ఆ సంగతి ముందే చెప్పనందుకు ఆయన కోపం అంతా ఆ రోజు గుమాస్తా మీదికి పోయింది.

పైఅధికారి గదిలో కిటికీలు పెద్దవి, వెలుగు ధారాళంగా ఉంది. ఆయన ఒక చేతిలో విచారణ కాగితం, ఇంకో చేతిలో డాక్టరు ఉత్తరం పెట్టుకుని మార్చి మార్చి చూశాడు. గుండీ కుట్టిన మాట నిజమేనా అని అడిగాడు.

"కుట్టానండి. చూసి కుట్టలేదు," అంది అక్క.

ఏది నమ్మాలో ఆయనకి పాలుపోలేదు. హాల్లోంచి నలుగురు మడతలవాళ్లని పిలిపించి, వాళ్ల మధ్య మేస్త్రీని నిలబెట్టాడు. ఎవరూ నోరు విప్పకూడదన్నాడు.

"తప్పుగా అనుకోకండమ్మా. దగ్గరికే వెళ్లి చూడండి. వీళ్లలో మీ తమ్ముడెవరో చెప్పండి."

మేస్త్రీ భయపడింది ఒక్కదానికే. పోల్చుకుంటుంది, తన మొహం చూడగానే ఆమె మొహం విప్పారుతుంది, అర్జీ అక్కడితో అయిపోతుంది. పోల్చుకోనట్టు నటించు తల్లీ అని మనసులోనే మొక్కుకున్నాడు. ఒకే రంగు బట్టల్లో అయిదుగురూ బిగుసుకు నిలబడ్డారు. అక్క నెమ్మదిగా, నీళ్లలో నడుస్తున్నట్టుగా వచ్చింది. మొదటివాడి ముందు ఆగింది. రెండోవాడు మేస్త్రీ. జానెడు దూరంలోంచి అతని మొహంలోకి సూటిగా చూసింది. ఎంత ఆపుకున్నా ఆగక అతని పెదవుల మీదికి నవ్వొచ్చింది. ఆమె మొహంలో ఏ కదలికా లేదు. దాటి వెళ్లిపోయింది.

నాలుగోవాడి దగ్గర ఆగి అతని చెంప మీద చెయ్యి వేసింది.

"వీడేనండి. చిక్కిపోయావేంరా?"

ఆ నాలుగోవాడు కదలకూడదు కాబట్టి కదల్లేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. పైఅధికారి కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టేశాడు.

వరండాలో బల్ల మీద అక్కని కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాడు మేస్త్రీ. డిశ్చార్జి కాగితం చేతిలోనే ఉంది. ఎదురుగా మైదానమంతా ఎండ పరుచుకుని, అంతా కలలోలా నిశ్శబ్దంగా ఉంది. చివరికి అడిగాడు.

"బాగా నటించావక్కా. కదూ?"

"నటించలేదురా," అంది అక్క. "డాక్టరు చెప్పిన ఏడాది ముందే అయిపోయింది. మొన్న సెలవుకి వచ్చినప్పుడు కూడా గొంతుని బట్టే నిన్ను పోల్చుకున్నాను. ఇవాళ ఎవరి గొంతూ వినబడలేదు."

అతను కాగితాన్ని మడవబోయి ఆగిపోయాడు. దేనికోసం దీన్ని అడిగాడో ఆ ఏడాది ఎప్పుడు వచ్చి ఎప్పుడు వెళ్లిపోయిందో తనకి తెలియనేలేదు. దుఃఖం పొంగుకొచ్చింది. చప్పుడు కానివ్వకుండా ఏడ్చాడు.

"రేపు పొద్దున్నే బయల్దేరదామా?" అని అడిగింది అక్క.

అతను తలూపాడు. అక్క జవాబు కోసం ఇంకా అలాగే చూస్తూ ఉంది. అప్పుడు తెలిసొచ్చి, గొంతు సవరించుకుని, "సరేనక్కా" అని పైకి చెప్పాడు.