డబుల్ చెక్ అంకుల్ కారు మీద మంచు

ఆ రోజుల్లో మా ఇర్వింగ్‌లో మంచు అంటే టీవీలో వేరే ఊళ్లవాళ్లకి పడేది. మాకు ఎండ, వడగళ్లు, అప్పుడప్పుడు తుఫాను సైరన్, అంతే. అందుకే నాకు పదేళ్లప్పుడు ఒక ఉదయం స్కూలుకి సెలవిచ్చి, అపార్ట్‌మెంట్ పార్కింగ్ అంతా తెల్లగా కనిపించేసరికి అది నా కోసమే పడిందనుకున్నాను. అనుకోవడం తప్పా? ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. (దేశం కాని దేశంలో పెరిగినా, అమ్మ ప్రతి ఆదివారం కూర్చోబెట్టి తెలుగు రాయించబట్టి ఈ ఫిర్యాదు మీతో తెలుగులో చెప్పుకోగలుగుతున్నాను.)

మంచులో వేసుకునే గ్లోవ్స్ మా ఇంట్లో ఎవరికీ లేవు. అమ్మ నా చేతులకి నాన్న సాక్సులు తొడిగి, పైన బ్రెడ్ కవర్లు వేసి రబ్బరు బ్యాండ్లు బిగించింది. రోడ్లు జారుతున్నాయని నాన్న ఆఫీసు కూడా మూసేశారు. నాన్నా నేనూ ఒక స్టీలు బేసిన్, అట్లకాడ పట్టుకుని కిందికి దిగాం. తీరా చూస్తే నేల మీద మంచు ఎంత పల్చగా ఉందంటే, గీకితే గడ్డీ మట్టీ కూడా వచ్చేస్తున్నాయి. శుభ్రమైన మంచంతా కార్ల మీదే ఉంది. మా కారు మీదది మొత్తం తీస్తే మంచుబొమ్మకి నడుం దాకా వచ్చింది. దాంతో పక్క కారు మీద పడ్డాం. అది ఎదురింటి అంకుల్‌ది. ఆయన కారు లాక్ చేసి, మెట్లెక్కి, మళ్లీ దిగొచ్చి హ్యాండిల్ లాగి చూసేవారు. అందుకే ఆయనకి డబుల్ చెక్ అంకుల్ అని పేరు పెట్టాను. రెండో బేసిన్ నింపుతుండగా ఆయన తలుపు తెరుచుకుంది.

"అన్నా, మా కార్ మీద స్నో ఎందుకు తీస్తున్నరు?"

నాన్న అట్లకాడ వెనక దాచుకున్నాడు. "పిల్ల ఆడుకుంటుందనీ..."

"మావోడింకా లేవలే. వానికోసమే అట్ల ముట్టుకోకుండ ఉంచిన."

"ఆకాశం నుంచి పడ్డదానికి కూడా రిజర్వేషనేంటండీ?"

"పడ్డది మా కార్ మీద గదా."

ఇద్దరూ పెద్ద ఉద్యోగాలు చేస్తున్న మనుషులు. పై నుంచి అమ్మ, "ఊరుకోండి ఇద్దరూ, పిల్ల ఏడుస్తోంది. వాళ్ల బాబుని కూడా పిలిస్తే కలిసి చేసుకుంటారు కదా" అంది. (నేను ఏడవలేదు. చలికి ముక్కు కారింది.)

అంకుల్ వెళ్లి, నిద్రమత్తులో ఉన్న చింటూని దుప్పటితో సహా ఎత్తుకొచ్చారు. వాడు మంచుని ఒక్క వేలితో ముట్టుకుని, "డాడీ, ఇట్స్ కోల్డ్. లోపల్‌కి పోదాం" అన్నాడు. ఎవడికోసం నా బొమ్మ ఆగిందో వాడు ఒక్క నిమిషం కూడా నిలబడలేదు. వాణ్ణి లోపల దింపి అంకుల్ మాత్రం తిరిగొచ్చారు. "మా స్నో గూడ ఉంది గదా, తల నేను జేస్త" అన్నారు.

ఇక అక్కడి నుంచి నాకు చోటు లేదు. నేను చెయ్యి పెడితే, "పడిపోతది తల్లీ, జర ఆగు" అని ఆయన. "కాస్త పక్కకి జరుగమ్మా" అని నాన్న. ముక్కుకి క్యారెట్టా, పచ్చిమిరపకాయా అని కాసేపు వాదించుకున్నారు. తర్వాత ఒకరి మీద ఒకరు మంచు విసురుకున్నారు. అంకుల్ జారి పడి, లేవకుండా అలాగే కూర్చుని నవ్వారు. ఉప్మా తినడానికి రమ్మని పిలవడానికి దిగిన అమ్మ కూడా ఒక పిడికెడు మంచు తీసి నాన్న కాలర్‌లో వేసి పరిగెత్తింది. "నాన్నా, అది నా బొమ్మ" అన్నాను. "నీదేనమ్మా, ఎవరు కాదన్నారు?" అన్నాడు నాన్న, నా వైపు తిరక్కుండానే.

మధ్యాహ్నానికి ఎండొచ్చింది. బొమ్మ తల మెల్లగా ఒరిగి కింద పడింది. అంకుల్ దాన్ని తీసి మళ్లీ పెట్టబోయారు, నిలవలేదు. చేతుల్లో కారిపోతున్న ముద్దతో ఆయన, పక్కన నాన్న అలాగే నిలబడిపోయారు. నాన్న నన్ను అడిగాడు, "మళ్లీ ఎప్పుడు పడుతుందంటావు?" అని. నన్ను, పదేళ్లదాన్ని.

ఆ ఇద్దరూ అంతకుముందు మంచుని చేత్తో తాకి ఎరగరని నాకు చాలా ఏళ్ల తర్వాతగానీ తెలియలేదు. ఇప్పుడు నేను ఉద్యోగానికని చాండ్లర్‌లో ఉంటున్నాను. ఇది ఎడారి ఊరు, ఇక్కడ ఆపాటి మంచుకి కూడా ఆశ లేదు. మొన్న ఫోన్‌లో ఆ రోజు మాటొస్తే నాన్న, "ఆ బొమ్మ ఎంత బాగా చేశానో కదా" అన్నాడు. చేశాం అని కూడా కాదు, చేశానట. సరిదిద్దుదామని నోరు తెరిచాను. కానీ ఆయన గొంతులో అంత సంబరం వినపడేసరికి, "అవును నాన్నా, చాలా బాగా చేశావు" అనేశాను. ఆ పదేళ్ల పిల్ల వింటే నన్ను జన్మలో క్షమించదు.