సగం వేసిన సైకిల్ దారి మీద నాయనతో

తిరుపతిలో మా హాస్టల్‌కూ కాలేజీకీ మధ్య ఉన్నది బస్సులు దూసుకుపోయే రోడ్డు. దాని మీద సైకిల్ తొక్కనివ్వనని మా నాయన నేను చేరిన రోజే చెప్పేశాడు. ఈమధ్య అలిపిరి దగ్గరి పార్కులో, చెట్ల మధ్య నుంచి నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ కలిపి ఒక దారి వేస్తున్నారని తెలిసింది. ఆ దారిన కాలేజీకి వెళ్తాను, సైకిల్ కొనివ్వమని పట్టుబట్టాను. "నేను సూసినాకనే మాట," అన్నాడు. కొండకు నడిచి వస్తానన్న మొక్కు ఆయనకు ఎలాగూ ఉంది కాబట్టి, పోయిన ఆదివారం ఇద్దరం బయలుదేరాం.

మా ఊరు పాకాలలో తెల్లవారగానే ప్యాసింజర్ ఎక్కాం. టికెట్ ఇరవై రూపాయల లోపే, ప్రయాణం గంట. ఆత్రంలో నేను కిటికీ దగ్గర కూర్చోలేకపోయాను, తలుపు దగ్గర నిలబడలేకపోయాను. మొక్కు కోసం చెప్పులు ఇంట్లోనే వదిలివచ్చిన నాయన మాత్రం కాళ్ళు ముడుచుకుని చంద్రగిరి దాటేదాకా నిద్రపోయాడు. స్టేషన్ బయట ఇడ్లీ తిని, షేర్ ఆటోలో మనిషికి ముప్పై ఇచ్చి పార్కు గేటు దగ్గర దిగాం.

దారి సగమే పూర్తయింది. నడిచేవాళ్ళకు ఎడమవైపు గరుకు రాతి పలకలు, సైకిళ్ళకు కుడివైపు నున్నటి సిమెంటు, మధ్యలో తెల్ల గీత. గేటు దగ్గర యాభై రూపాయలకు సైకిల్ అద్దెకు తీసుకుని ఎక్కానో లేదో ఆగిపోయాను. చెప్పులు లేకుండా కొండకు వెళ్ళేవాళ్ళంతా సిమెంటు మీదే నడుస్తున్నారు. బెల్లు కొట్టాను. ముందున్న పసుపు చీర అవ్వ వెనక్కి తిరిగింది.

"ఏం మే, ఊరికే బెల్లు కొడతా ఉండావు?"

"ఇది సైకిళ్ళ దారి అవ్వా."

"నీ సైకిల్‌కి టైర్లుండాయి గదా, దాన్ని ఆ రాళ్ళ మీద తోలుకో. మాకు యాడుండాయి టైర్లు?"

చుట్టూ నవ్వులు. నాయన కూడా నవ్వాడు. ఆయనా సిమెంటు మీదే ఉన్నాడు. పలకలు పరుస్తున్న మేస్త్రీ తల ఎత్తకుండానే, "వానకు జారకూడదని గరుకువి వెయ్యమన్నారు పాపా. ఏసినప్పటి నుంచి ఇదే పంచాయితీ," అన్నాడు.

నాయన నవ్వు ఆపి, గీత దాటి రాళ్ళ మీదికి వెళ్ళాడు. అడుగడుక్కీ మొహం చిట్లిస్తూ, దారి ఆగిపోయి కంకర కుప్ప ఉన్నచోటి దాకా నడిచాడు.

"నాయనా, ఇటు రా."

"ఉండు మే. నడవొచ్చునో లేదో సూడనీ."

కుప్ప పక్కన కూర్చుని అరికాళ్ళు రుద్దుకున్నాడు. "నడవలేం," అన్నాడు. నా సైకిల్ పోయినట్టే అనుకున్నాను.

"వాళ్ళు ఈ పక్కకి రారు. నువ్వే దిగాల. మొక్కుకున్నోళ్ళు ముందరుంటే బెల్లు కొట్టకుండా దిగి తోసుకొని పోతానను, సైకిల్ తీసిస్తా."

"అట్లయితే నడిచినదానికన్నా లేటయితాది."

"పొద్దున్నే ఇంకా బిన్నా లెయ్."

ఒప్పుకున్నాను. ఆయన కుంటుకుంటూ అలిపిరి మెట్ల వైపు వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. దారి తొందరగా పూర్తి కావాలి. పూర్తయితే ఆ అవ్వ ఎక్కడ నడవాలి? నున్నటి పక్క ఒకటే ఉంది, దాని మీద ఆశపడేవాళ్ళు చాలామంది. సైకిల్ తిరిగి ఇవ్వడానికి వస్తూ ఎన్నిసార్లు దిగానో, అన్నిసార్లూ బెల్లు మీదికి పోయిన వేలిని వెనక్కి లాక్కోవలసి వచ్చింది. సైకిల్ కోసమే వచ్చేవాళ్ళు సాయంత్రం రండి, కొండకు వెళ్ళేవాళ్ళు తక్కువగా ఉంటారు. చెప్పులు లేకుండా వచ్చేవాళ్ళు మాత్రం సిమెంటు మీదే నడవండి. వెనక సైకిల్ చప్పుడైతే కంగారుపడి రాళ్ళ మీదికి పోకండి, నేను దిగుతాను.