చేత్తో దిద్దిన ఫోల్డరు

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ఆమెను అందరూ యాప్ అక్క అనేవారు, తనకన్నా పెద్దవాళ్ళు కూడా. చేరింది మాత్రం ముందు గదిలో టైపు చేయడానికి. మెకానిక్కులు చీటీల మీద రాసి తెచ్చిన పని వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించేది. చీటీల నిండా గ్రీజు మరకలు. ఏడేదో ఒకటేదో తెలిసేది కాదు. ఆ బాధ పడలేక, ఎవరూ అడక్కుండానే, భోజనం వేళల్లో వీడియోలు చూసి నేర్చుకుని, ఎనిమిది నెలలకు వాళ్ళ ఫోన్లలో ఒక యాప్ పెట్టింది. చదివింది కామర్సు.

యాప్ కట్టడానికి ఆమె ఎంచుకున్న పనిముట్టు సుఖమైనది. తెర మీద ఏం కనిపించాలో మనం రాస్తే చాలు. మిగతాదంతా ఎక్కడో ఎవరిదో కంప్యూటరు చూసుకుంటుంది. కాసేపటికి రెండు రకాల ఫోన్లకూ సరిపోయే యాప్ తయారై చేతికొస్తుంది. లోపల ఏం జరిగిందో తొంగిచూసే పని లేదు. తేడా వస్తే ఒక ఆజ్ఞ, అంటే కమాండు, కొట్టి మొదటినుంచీ మళ్ళీ కట్టించుకోవడమే. ఆరేళ్ళు అలాగే నడిచింది.

ఆమెకు నలభై నాలుగేళ్ళు. భర్తతో విడిపోయి తొమ్మిదేళ్ళయింది. నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. ఆ భవనానికి లిఫ్టు లేదు. "లిఫ్టు కంపెనీలో ఉద్యోగం, మెట్లెక్కి కాపురం" అని చెల్లెలు ఫోన్లో నవ్వేది. కాపురం అన్న మాట దగ్గర ఇద్దరూ వేరే సంగతిలోకి వెళ్ళేవారు.

ఆ సంవత్సరం లిఫ్టులకు కొత్త కంట్రోల్ బోర్డులు వచ్చాయి. లిఫ్టు ఎక్కడ, ఎందుకు ఆగిందో అవి దగ్గర్లో ఉన్న ఫోనుకు వాటంతటవే చెప్పగలవు. అయితే మెకానిక్కు లిఫ్టు అడుగున ఉండే గోతిలోకి దిగినప్పుడు ఫోను జేబులో ఉంటుంది, తెర ఆరిపోయి ఉంటుంది. అప్పుడు కూడా యాప్ చెవి ఒగ్గి వింటూనే ఉండాలి. ఆమె పనిముట్టుకు అది చేతకాదు.

మేనేజరు గారు పిలిచి, నెలాఖరులోగా ఆఫీసు లిఫ్టు మీదే, కింది సెల్లారులో నడిపి చూపించమన్నారు. కుదరకపోతే బయటి కంపెనీ ఒకటి సిద్ధంగా ఉందన్నారు. "మీకేం ఇబ్బంది లేదమ్మా, మళ్ళీ ముందు గది చూసుకుందురుగాని" అని కూడా అన్నారు, మంచి మనసుతోనే. ఆ 'మళ్ళీ' ఒక్కటీ పట్టుకుని ఆమె తన బల్ల దగ్గరికి వచ్చింది. ఆరేళ్ళలో తనది అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ యాప్ ఒక్కటే.

దారి ఒకటే ఉంది. ఎవరి కంప్యూటరు మీదో వదిలేసిన లోపలి పనిని తన యంత్రం మీదికి తెచ్చుకోవడం. ఒక్క ఆజ్ఞ కొడితే ఫోను రకానికి ఒకటి చొప్పున రెండు ఫోల్డర్లు తయారవుతాయి. ఆ పైన చేత్తో దిద్దుకోవాలి. మెకానిక్కులందరివీ ఒకే రకం ఫోన్లు. రెండో రకం మేనేజరు గారి దగ్గర మాత్రమే ఉంది. దాని సంగతి తర్వాత చూడొచ్చనుకుంది.

మొదటి ఫోల్డరు తెరిస్తే వందల ఫైళ్ళు. సొంత ఇంట్లోనే ఎప్పుడూ తలుపు తీయని గది ఒకటి ఉందని తెలిసినట్టయింది. మూడు వారాలు దాంట్లోనే కూర్చుంది. ఒక తప్పు సరిచేస్తే రెండు మొలిచేవి. అడుగుదామంటే ఆఫీసులో ఈ కంప్యూటరు భాష తెలిసినవాళ్ళు లేరు. తప్పుల్ని తనకు తానే పైకి చదువుకునేది. పక్క బల్ల గుమాస్తా ఒకసారి ఎవరితో మాట్లాడుతున్నారని అడిగితే, "వినేవాళ్ళెవరూ లేరండీ, అందుకే గట్టిగా మాట్లాడుతున్నాను" అంది.

చివరికి బోర్డు పలికింది. తెర ఆరినా యాప్ వింది. ఇంకా తొమ్మిది రోజులు గడువుంది.

ఆ గురువారం మధ్యాహ్నం, తారీఖులు చక్కగా చూపించేందుకు ఎవరో రాసిపెట్టిన చిన్న ముక్కొకటి యాప్‌లో చేర్చింది. చేర్చాక, అలవాటు కొద్దీ, ఫోల్డర్లను మొదటినుంచీ తయారుచేసే ఆజ్ఞ కొట్టింది. పాత పద్ధతిలో ఏదైనా తేడా వస్తే చేసే వైద్యం అదే. వేళ్ళకు తెలిసిన దారి. యంత్రం ఫోల్డరును తుడిచేసి, చెప్పినట్టే కొత్తది కట్టి ఇచ్చింది. శుభ్రంగా ఉంది. అందులో ఆమె చెయ్యి పడిన గుర్తు ఒక్కటీ లేదు.

ముందు భయపడలేదు. ఏ రోజు పని ఆ రోజు దాచే అలవాటు ఆమెకుంది. దాచినవి తిరగేసింది. తెరలన్నీ ఉన్నాయి, ఈ ఫోల్డరు లేదు. దాచనక్కర్లేనివాటి జాబితాలో దాని పేరుంది. ఆరేళ్ళ కిందట తనే రాసింది. అప్పుడది సరైన పనే. ఎప్పటికప్పుడు యంత్రమే కట్టుకునేదాన్ని ఎవరు దాచుకుంటారు? పద్ధతి మార్చింది కానీ జాబితా మార్చలేదు.

చెల్లెలికి ఫోన్ చేసింది. "సేవ్ చేసుకోలేదా అక్కా?" అందామె. చేసుకుందన్నదీ నిజమే, చేసుకోలేదన్నదీ నిజమే. లేదంది. చెల్లెలు జాలిపడి, కాసేపు పిల్లల పరీక్షల గురించి మాట్లాడి పెట్టేసింది.

విడిభాగాల గదిలో తాళ్ళ బాబాయ్ ఎదురయ్యాడు. లిఫ్టు తాళ్ళు మార్చడంలో ముప్ఫై ఏళ్ళు గడిపిన మనిషి.

"ఏంటమ్మాయ్, మొహం అలా ఉంది?"

"మూడు వారాల పని నా చేత్తో నేనే తుడిచేసుకున్నాను బాబాయ్."

ఎలా అని ఆయన అడగలేదు. డబ్బాలో బేరింగు వెతుక్కుంటూ అన్నాడు: "నేను మొదటిసారి తాళ్ళు కట్టడానికి మూడు రోజులు పట్టింది. తప్పని మా మేస్త్రి మొత్తం విప్పించాడు. రెండోసారి ఒక్క పూటలో అయిపోయింది. ఆయన్ని తిట్టుకోవడానికి కూడా టైం మిగిలింది."

బేరింగు దొరకగానే వెళ్ళిపోయాడు.

ఆమె కూర్చుని, చేసిన మార్పులు గుర్తున్నంతవరకు కాగితం మీద రాసింది. ముప్ఫై ఒకటి తేలాయి. ఒక్కోటీ మళ్ళీ పెడుతుంటే తెలిసింది, పదకొండు అసలు అక్కర్లేదు. భయం కొద్దీ, ఎవరెవరో చెప్పినవన్నీ అప్పుడు కుక్కేసింది. ఈసారి ప్రతి మార్పూ ఎందుకో అర్థమయ్యాకే పెట్టింది. జాబితాలోంచి ఆ ఫోల్డరు పేరు మొట్టమొదటే కొట్టేసింది. నాలుగు రోజుల్లో బోర్డు మళ్ళీ పలికింది.

పరీక్ష రోజు సెల్లారులో మేనేజరు గారు, ఆమె, తాళ్ళ బాబాయ్. బాబాయ్ ఫోను జేబులో వేసుకుని గోతిలోకి దిగాడు. పావుగంట తర్వాత గోడ పట్టుకుని పైకొచ్చి, చేతులు తుడుచుకుని ఫోను ఇచ్చాడు. ఆ పావుగంటలో బోర్డు చెప్పినవన్నీ నిమిషాలతో సహా తెర మీదున్నాయి.

మేనేజరు గారు వేలితో పైకీ కిందికీ జరిపి చూశారు. "పాతదానిలాగే ఉందే. ఏం మార్చారు?"

చెప్పడానికి నోరు తెరిచింది. ఆజ్ఞ, జాబితా, ముప్ఫై ఒకటి, పదకొండు.

"లోపల మార్చాను సార్."

"సరే. అయితే బయటివాళ్ళెందుకు, మీ దగ్గరే ఉండనివ్వండి" అని ఆయన పైకి వెళ్ళిపోయారు.

కొత్త యాప్ ఇక ఆమె యంత్రంలోనే తయారవుతుంది కాబట్టి, మొదటిసారి ఒక్కో ఫోనులో వైరు పెట్టి తనే ఎక్కించాలి. మర్నాడు పొద్దున మెకానిక్కులు పదముగ్గురూ తమ ఫోన్లు ఆమె బల్ల మీద పెట్టి, కబుర్లాడుకుంటూ వరండాలోకి వెళ్ళారు. ఆమె పనిలో పడింది. తెరల మీద పళ్ళూడిన పిల్లలు, పెళ్ళి ఫొటోలు. ఒక ఫోను వెలిగి 'అమ్మ' అంది, ఆగిపోయింది. ఇంకొకటి 'ఇల్లు' అంటూ బల్ల మీద వణుక్కుంటూ అంచుదాకా జరిగింది. పడిపోకుండా పట్టుకుంది. చేతిలో కూడా అది మోగుతూనే ఉంది.

లేచి వరండాలోకి వెళ్ళింది.

"ఎవరిదిది? ఇంటినుంచి ఫోను."

తనదంటూ ఒకతను వచ్చి తీసుకుని, పక్కకు తిరిగి మాట్లాడుకుంటూ నడిచాడు. ఆమె లోపలికొచ్చి నాలుగో ఫోనుకు వైరు పెట్టింది.