విషయం కాదు

తాతబాబు పేరు చెబితే ఇనుప గనుల కొండ మీది కిరండూల్ రైలు యార్డులో ఎవరైనా ముందు నవ్వుతారు, తర్వాతే గౌరవం చూపిస్తారు. బొబ్బిలి నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే తల నెరిసిన మనిషి. రైలు పట్టాల పైన పోయే కరెంటు తీగల పని ఆయనది. ఆ పని చేసేవాళ్ళ కోసం ఈమెయిల్ గ్రూపు పెట్టిందీ ఆయనే. కొండ మీది నుంచి కోస్తా దాకా ఎవరికి ఏ చిక్కు వచ్చినా అందులో రాస్తారు. ఎవరు రాసినా ఆ మెయిలు ముందు ఆయన దగ్గర ఆగాలి, ఆయన వదిలితేనే అందరికీ చేరాలి. తీగ సంగతి తప్ప మరో మాట రాకూడదు. పండగ శుభాకాంక్షలకీ, పిల్లల మార్కులకీ ఒకటే జవాబు: “విషయం కాదు.” సొంత బావమరిది గృహప్రవేశం పిలుపునీ అలాగే వెనక్కి కొట్టాడు. బావమరిది ఇప్పటికీ మాట్లాడడు.

అలాంటి గ్రూపులోకి శాంతిప్రియ వచ్చింది. స్తంభం ఎక్కడం ఆమెకి నేర్పింది తాతబాబే. ఇప్పుడు దిగువన అడవి మధ్య స్టేషన్లో, తల్లితో ఉంటోంది. మాట్లాడినట్టే రాస్తుంది. ముందు అమ్మ వేసిన చిక్కుడు పాదు, పెరట్లోకొచ్చిన ఎలుగు, ఆ తర్వాతే తీగ. ఆమె రాస్తే జవాబులే జవాబులు. తాతబాబు గంటలు కూర్చుని రాస్తే “సరే మాస్టారూ” అని ఎవరో ఒకరు. ఏకై వచ్చి మేకై కూర్చుందని ఆయనకి కడుపు మంట. ఒకసారి ఆమె మెయిల్లోంచి చిక్కుడు పాదు ముక్క కత్తిరించి కరెంటు తీగ సంగతే వదిలితే, “అమ్మగారి పాదు కాసిందా?” అని అందరూ ఆ సంగతే అడిగారు. ఆ రోజు అన్నం సహించలేదు.

ఇప్పపూల కాలం వచ్చింది. శాంతిప్రియ మెయిలు పంపింది.

“మాస్టారూ, మావైపు ఇప్పపూలు రాల్తన్నాయండి. పూలు ఏరుకోడానికని సెట్ల కింద ఆకులన్నీ కాల్సేస్తన్నారు. మాయమ్మ కూడా గంపట్టుకుని ఎల్లిపోతంది…”

తాతబాబు అక్కడితో చదవడం ఆపేశాడు. తల్లి గంప వెనకాల గ్రూపంతా పరిగెత్తడం కళ్ళకి కట్టింది. “విషయం కాదు” అని నొక్కాడు. తిప్పిపంపిన మెయిలుని మళ్ళీ పంపడం ఆ గ్రూపులో మర్యాద కాదు. ఆమె పంపలేదు.

కొన్నాళ్ళకి తెల్లవారుజామున చిన్న తుంపర పడింది. తాతబాబు చూసుకునే లైన్లోనే కరెంటు పోయి, ఖనిజం నింపుకున్న బండి నిలిచిపోయింది. కారణమేమిటని గ్రూపులో ఒకటే ప్రశ్నలు. ఆయన స్తంభమెక్కి, తీగని పట్టి ఉంచే పింగాణీ మీద వేలు పెట్టి రుద్దాడు. వేలికి మసి అంటింది. తడిసిన మసి మీదుగా కరెంటు జారిపోయింది. అప్పుడు శాంతిప్రియ రాసిన ఆకుల మంట గుర్తొచ్చింది.

దిగొచ్చి ఆ పాత మెయిలు మిగతా సగం చదివాడు. “…ఆ పొగ మసంతా పింగాణీకి పట్టేస్తందండి. సినుకు పడకముందే తుడిసేయాల. అందరికీ సెప్పండి.”

చెప్పాడు. తన పేరుతో చెప్పాడు. ఇప్పపూలు, ఆకుల మంట, మసి, అన్నీ తన బుర్రలో పుట్టినట్టే రాశాడు. జవాబులు వచ్చిపడ్డాయి. “మాస్టారంటే మాస్టారే!” ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాట. టీ కూడా తీయగా ఉంది.

ఆ పొగడ్తల మధ్య శాంతిప్రియ నుంచి ఒక్క వాక్యం వచ్చి ఆగింది.

“మాస్టారూ, ఇప్పపూలు ఎప్పట్నుంచండీ విషయం అయ్యాయి?”

అందులో తీగ మాటే లేదు. నియమం ప్రకారం వెనక్కి కొట్టాల్సిందే, కొడితే ఎవరికీ తెలియదు కూడా. టీ చల్లారిపోయింది. చివరికి ముందు ఆ పాత మెయిలుని తేదీతో సహా, గంపతో సహా, ఒక్క ముక్క కత్తిరించకుండా వదిలాడు. దాని వెనకే ఆమె ప్రశ్ననీ వదిలాడు.

మధ్యాహ్నానికి మళ్ళీ జవాబులు మొదలయ్యాయి. ఈసారి అన్నీ శాంతిప్రియకే. అందరికీ చేరాలంటే ఒక్కొక్కటీ తాతబాబే వదలాలి. వదులుతూ కూర్చున్నాడు. కడుపు మండుతూనే ఉంది.